ఇంటి గోడలకు వన్నె: ఎంపికయు, పొందికయు

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. ఈ రెండు కష్టములును ఒక్కచోట గలిసిన పని యొకటి కలదు. అది పెండ్లికి ముందు ఇంటికి రంగు వేయించుట. బరంపురపు సన్నని వీధులలో కాపురముండు మన కుటుంబములలో సంక్రాంతికో, దసరాకో, శుభకార్యమునకో తప్ప గోడలకు రంగు పడదు. ఒకమాఱు పూసిన వన్నె ఐదాఱేండ్లు మన కన్నులయెదుట నిలిచియుండును. అంతకాలము నిలుచు దానిని మనము ఎంతసేపు ఆలోచించి యెన్నుకొనుచున్నాము? అంగడిలో రంగుల పట్టీని తిరుగవేసి, పది నిమిషములలో వ్రేలుపెట్టి చూపి వచ్చుచున్నాము. చీర కొనునపుడు మాత్రము పూట గడచినను మనకు తృప్తి కలుగదు.

మిక్కిలి తెలుపును గాక, మిక్కిలి ముదురును గాక, మీగడవలెను గంధమువలెను వెచ్చగా నుండు లేతవన్నెలు నేడు చాలమందికి నచ్చుచున్నవి. అట్టి వన్నెను ఎట్లు ఎంచుకొనవలెను, దానికి దేనిని జోడు చేయవలెను అనునది ఈ పాఠమునకు విషయము. విద్యార్థులకు ఇందు కొంత భౌతికశాస్త్రము, కొంత రసాయనశాస్త్రము, కొంత లెక్క కలదు. తల్లిదండ్రులకు కొంత ఖర్చు తగ్గు ఉపాయము కలదు.

మేము పడిన పొరపాటు

ముందుగా మా తప్పు చెప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మా యింట పెండ్లి నిశ్చయమైనది. ముహూర్తమునకు పండ్రెండు దినములు మాత్రమే మిగిలెను. ఒకనాడు దీపములు పెట్టిన వేళ అంగడికి పోయి రంగుల పట్టీ చూచితిమి. పచ్చని దీపము క్రింద మీగడవలె మెఱయుచున్న వన్నె యొకటి మా మనస్సునకు నచ్చినది. మఱునాడే పని మొదలిడించితిమి. రంగు మేస్త్రి రెండు బారల గోడకు పూసి, నిచ్చెన దిగి, మా తల్లిగారితో ఇట్లనెను: “అమ్మా, తొందరపడకండి. రేపు పగలు ఓపాలి సూసి సెప్పండి. రేతిరి దీపానికి సూసిన రంగు పగలు వేరేగుంటాది.” మా తల్లిగారు “పరవాలేదు బాబూ, కానియ్యి. పెళ్ళి పనులు బోలెడున్నాయి” అనిరి. మేమును ఊరకుంటిమి.

మూడవనాటి యుదయమున చూడగా ముందుగది గోడలు మీగడవలె లేవు. పసరు కలిసిన మజ్జిగవలె నున్నవి. తప్పు మేస్త్రిది గాదు, డబ్బాదియు గాదు. మా వీధి వెడల్పు ఎనిమిదడుగులు. ఎదుటి యింటివారు ఆ యేడే తమ గోడకు ఆకుపచ్చ వేయించిరి. ఉదయపు టెండ వారి గోడపై బడి, ఆ పచ్చదనమును మోసికొని మా కిటికీలోనికి వచ్చుచుండెను.

రెండవ తప్పు ఇంతకంటె పెద్దది. ఇల్లంతయు ఒకే వన్నెగా నుండుట నాగరికమని తలంచి, తలుపులకును గడపకును గూడ ఆ లేతవన్నెయే వేయించితిమి. పసుపు పూతయు కుంకుమబొట్లును గల పాత గడప కనుమఱుగయ్యెను. ఆ రాత్రియే మా నాయనమ్మగారు గడప కానక, తట్టుకొని పడిరి. ఎముక విఱుగలేదు గాని మోకాలు వాచినది. పెండ్లినాడు ఆమె పీటలయొద్దకు రాలేక, లోపలి మంచముమీదనుండియే అక్షతలు చల్లిరి. మమ్ము నిందింపలేదు. “గడపకి పసుపు లేకపోతే గది ఎక్కడ మొదలయ్యిందో నాకెలా తెలుస్తాదిరా” అని మాత్రము అనిరి.

ఆ మాట మాకు పాఠమైనది. గోడవన్నె కంటికి ఇంపు కలిగించుట కొఱకు మాత్రమే గాదు; ఇంటిలోని ముసలివారు నడచుటకు, పిల్లలు చదువుకొనుటకు, తల్లులు సూదిలో దారమెక్కించుటకు గూడ అది సాయపడవలెను.

వన్నెకు మూడు గుణములు

ఏ వన్నెకైనను మూడు గుణములుండును. 1905వ సంవత్సరమున అమెరికా దేశపు చిత్రకళోపాధ్యాయుడు ఆల్బర్టు మన్‌సెల్ తన గ్రంథమున వీనిని వేర్వేఱుగా కొలుచు పద్ధతిని వివరించెను. మొదటిది వర్ణము: అది ఎఱుపా, పసుపా, నీలమా అనునది. రెండవది తేజము: అది తెలుపునకు దగ్గరదా, నలుపునకు దగ్గరదా అనునది. మూడవది గాఢత: ఆ వర్ణము నిండుగా నున్నదా, వెలసినట్లున్నదా అనునది.

మిరపపండునకు గాఢత హెచ్చు. అదే ఎఱుపును పాలలో ఒక్క చుక్క కలిపినచో గాఢత మిక్కిలి తగ్గి, తేజము మిక్కిలి హెచ్చును. గాఢత స్వల్పమై, వర్ణము ఎఱుపు పసుపుల వైపునకు కొంచెము ఒరిగియున్న వన్నెను వెచ్చని లేతవన్నె యందుము. నీలమువైపునకో ఆకుపచ్చవైపునకో ఒరిగినది చల్లని లేతవన్నె. ఇచట వెచ్చదన మనగా గదిలో వేడి పెరుగునని కాదు. ఎండయు నిప్పును ఎఱుపు పసుపులుగను, నీడయు నీరును నీలముగను కనబడుటచే మన మనస్సు వానిని అట్లు జతచేసికొన్నది.

ఇంటిలోపలి వెలుగునకు ఈ మూటిలో తేజము ముఖ్యము. మంచి సున్నపు తెలుపు తనపై బడిన వెలుగులో నూటికి సుమారు 80 పాళ్ళు తిప్పి పంపును. లేత మీగడవన్నె సుమారు 70 పాళ్ళు, ముదురు ఇసుకవన్నె సుమారు 40 పాళ్ళు మాత్రమే పంపును. మన పాత వీధులలోని ఇండ్లు వెడల్పు తక్కువగను, పొడవు ఎక్కువగను ఉండి, ప్రక్కగోడలు పొరుగువారితో కలిసియుండును. వెలుగు ముందు వాకిలినుండియు, పెరటినుండియు, నడిమి వాకిటినుండియు మాత్రమే రావలెను. నడిమిగదిలో చదువుకొను పిల్లవాని పుస్తకముమీదికి ఆ వెలుగు రెండు మూడు గోడలకు తగిలి గాని చేరదు.

ఇప్పుడు లెక్క వేయుడు. వెలుగు మూడు గోడలకు తగిలి వచ్చినదనుకొందము. సున్నపు తెలుపైనచో 0.8ను మూడుమాఱులు గుణింపగా 0.512, అనగా సగము మిగులును. మీగడవన్నెయైనచో 0.343, మూడవవంతు మిగులును. ముదురు ఇసుకవన్నెయైనచో 0.064, పదునాఱవవంతు మిగులును. అంగడిలో ఒకదాని ప్రక్క నొకటిగా ఉన్నపుడు స్వల్పముగా కనబడిన భేదము నడిమిగదిలో ఐదు రెట్లకు మించుచున్నది. కాబట్టి వెలుతురు తక్కువైన గదికి వెచ్చదనము కావలెనన్నచో వర్ణమును మార్చవలెను గాని తేజమును తగ్గింపరాదు.

పేర్లు తెలియవలెను

పేరు తెలియని దానిని అడుగలేము, పోల్చలేము. నేటి పిల్లలు “క్రీము”, “బిస్కెట్టు” అను రెండు మాటలతో ఈ వన్నెలన్నిటిని సరిపెట్టుచున్నారు. మన భాషలో మాటలకు కొఱత లేదు. పసుపు లేశమాత్రముగా గల తెలుపు దంతపువన్నె. ఇంకను మెత్తనిది మీగడవన్నె. పసుపు ఎఱుపులు సమముగా కలిసి వెలసినది గంధపువన్నె. కొంచెము బూడిద కలిసినది ఇసుకవన్నె. ఎండిన వరిగడ్డివన్నె, గోధుమవన్నె తరువాతివి. ఎఱుపు హెచ్చినది కావి. ఇంకను ముదిరినది జేగురు. ఈ వరుసను ఇంటిలోని పెద్దలను అడిగి వ్రాసికొన్నచో మఱి కొన్ని మాటలు దొరకును.

మన పొరుగు భాషతో పోల్చి చూచుటయు మంచిదే. తెలుగులో పసుపు అనునది వంటింటి పసుపునకును, ఆ వర్ణమునకును ఒకే పేరు. ఒడియాలో పసుపును హళది అనియు, ఆ వర్ణమును హళదియా అనియు అందురు. రెండు జాతులును ఆ వర్ణమునకు వంటింటిలోనే పేరు పెట్టుకొన్నవి. మన సున్నమును, వారి చూనయు సంస్కృతములోని చూర్ణము అను ఒకే మాటనుండి పుట్టినవి. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినపుడు బరంపురము మద్రాసు రాజధానినుండి విడివడి దానిలో చేరినది. పాలన మాఱినను నడిమి గోడలు మాఱలేదు. ఒకే గోడకు ఇవతల సున్నము, అవతల చూన. రెండు మాటలును నేర్చినవానికి గోడ రెండువైపులును తెలిసినట్లే.

సున్నము, మన్ను

డబ్బాలలో రంగులు రాకమునుపు మన గోడలకు సున్నమే వస్త్రము. సున్నపురాయిని గాని, సముద్రతీరమునను చిలికా తీరమునను దొరకు గుల్లలను గాని బట్టీలో కాల్చినపుడు వానిలోని బొగ్గుపులుసు గాలి, అనగా కార్బన్ డయాక్సైడు, వెడలిపోవును. మిగిలినది కాల్షియం ఆక్సైడు. దానిపై నీరు పోయగా బుసబుస పొంగి, మిక్కిలి వేడెక్కి, తడిసున్నమగును. పిల్లలు ఆ సమయమున దగ్గరకు పోరాదు. చుక్క కంటిలో పడినచో కన్నునకు హాని కలుగును. ఈ తడిసున్నమును గోడకు పూసినపుడు అది గాలిలోని బొగ్గుపులుసు గాలిని మరల గ్రహించి, క్రమముగా గట్టిపడి, తిరిగి రాయి యగును. రాయి బట్టీలో పోగొట్టుకొన్న దానిని గోడమీద తిరిగి సంపాదించుకొనుచున్నదన్నమాట.

సున్నము మిక్కిలి క్షారము. అనేకములగు రంగులు దానిలో విఱిగి వెలసిపోవును. మన్నులోని ఇనుపతుప్పు రంగులు మాత్రము నిలుచును. పసుపుమన్నులోని వర్ణము నీరు కలిసిన ఇనుప ఆక్సైడువలనను, జేగురులోని వర్ణము నీరు లేని ఇనుప ఆక్సైడువలనను కలుగును. పసుపుమన్నును పెనముమీద బాగుగ కాల్చినచో నీరు పోయి ఎఱ్ఱబడును. ఉపాధ్యాయుల సమక్షమున ఈ ప్రయోగము చేసి చూడవచ్చును. వెల్ల వేయునపుడు సున్నపునీటిలో పిడికెడు పసుపుమన్ను కలిపినచో మీగడవన్నెయు, దానికి చిటికెడు జేగురు చేర్చినచో గంధపువన్నెయు వచ్చును. పూర్వము కొందఱు సున్నములో నీలిమందు వేయుటకు గూడ కారణము కలదు. సున్నములోని స్వల్పమైన పసుపుచాయను నీలము అణచివేయగా, గోడ తెల్లగా కనబడును. వారు చల్లని తెలుపు కోరిరి. మనము వెచ్చని తెలుపు కోరుచున్నాము. సూత్రము ఒక్కటే.

ఒక జాగ్రత్త చెప్పవలెను. సహజమైన రంగులన్నియు క్షేమకరములు కావు. ఒడిశా పటచిత్రకారులు శంఖమునుండి తీయు తెలుపు, గేరు ఎఱుపు, దీపపు మసి నలుపు చాలవఱకు హానిలేనివి. కాని వారు పూర్వమునుండి వాడుచున్న హరితాళములో ఆర్సెనిక్కును, హింగుళములో పాదరసమును కలవు. అవి చిత్రకారుని చేతిలో నుండవలసినవే గాని పిల్లలు చేతులానించు గోడపై నుండవలసినవి కావు. డబ్బా రంగులలో సీసము అట్టి శత్రువు. ఇంటి రంగులలో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళకు మించి సీసము ఉండరాదని భారత ప్రభుత్వము 2016లో నియమములు చేసినది. 2017 నవంబరు 1వ తేదీనుండి అవి అమలులోనికి వచ్చినవి. డబ్బాపై ఆ మాట వ్రాసియున్నదేమో చదివి కొనవలెను. పాత తలుపుల రంగు గీకునపుడు తడిపి గీకవలెను. ఆ పొడిని పిల్లలకు దూరముగా నుంచవలెను.

ఏ దిక్కు వెలుగునకు ఏ వన్నె

గోడకు స్వంతముగా వెలుగు లేదు. దానిపై ఏ వెలుగు పడునో ఆ వెలుగులోనే అది మాటలాడును. ఉత్తరపు కిటికీనుండి వచ్చునది చాలవఱకు ఆకాశపు వెలుగు. అది స్థిరముగను, కొంచెము నీలముగను ఉండును. కావున ఉత్తరపు గదికి పసుపు ఎఱుపులు కలిసిన గంధపువన్నె మేలు. బరంపురము సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నందున మే నెల నడుమనుండి జులై చివఱివఱకు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మనకు నెత్తికి ఉత్తరముగా పోవును. తక్కిన కాలమంతయు దక్షిణముననే యుండును. దక్షిణపు గదికి ఎండ సమృద్ధి గనుక దంతపువన్నె చాలును. పడమటి గదిలోనికి సాయంకాలపు పండుటెండ దూరును. అచట మీగడవన్నె గూడ నారింజవలె కనబడును. కావున పసుపు తగ్గించి, ఇసుకవన్నెలో మిక్కిలి లేతదానిని ఎంచవలెను. తూర్పు గది ఉదయము వెచ్చగను, మధ్యాహ్నము చల్లగను ఉండును. ఆ గదిని ఎక్కువగా వాడు వేళ ఏదియో చూచి నిర్ణయింపవలెను.

దీపములును ఇట్లే. వెలుగు వర్ణమును కెల్విను అను కొలతతో డబ్బాపై ముద్రింతురు. 2700 మొదలు 3000 వఱకు గలది పచ్చని వెలుగు. 6500 గలది తెల్లని, నీలపుచాయ గల వెలుగు. మొదటిదాని క్రింద మీగడవన్నె ముదురును. రెండవదాని క్రింద గంధపువన్నె బూడిదవలె నగును. పట్టుచీర కొనువారు చీరను అంగడి వాకిటికి తెచ్చి పగటి వెలుగులో మడత విప్పి చూచుట మన ఊరిలో పాత అలవాటు. ఆ తెలివిని గోడ విషయమున మనమేల మఱవవలెను?

జోడు కుదుర్చుట

ఒక వన్నె తనంత తాను మంచిదియు గాదు, చెడ్డదియు గాదు. జోడునుబట్టి దాని గుణము తేలును. ఈ విషయమును శాస్త్రముగా నిరూపించినవాడు ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు షెవ్రూల్. పారిసులోని గోబెలిన్ నేతశాలకు ఆయన అద్దకపు శాఖాధిపతి. నల్లదారము తగినంత నల్లగా లేదని అచటివారు ఫిర్యాదు చేసిరి. ఆయన పరీక్షించి చూడగా అద్దకములో దోషము లేదు. ప్రక్కనున్న వర్ణములవలన నలుపు వెలవెలబోవుచున్నదని తేలినది. 1839లో ఆయన ఈ విషయమై పెద్ద గ్రంథము ప్రకటించెను. ఎఱుపు ప్రక్కనున్న లేతవన్నె కొంచెము పచ్చగను, ఆకుపచ్చ ప్రక్కనున్న లేతవన్నె కొంచెము ఎఱ్ఱగను మన కంటికి తోచును. ముదురు ప్రక్కనున్నది లేతగను, లేత ప్రక్కనున్నది ముదురుగను తోచును.

మన నేతకుటుంబములకు ఈ మాట క్రొత్త గాదు. బరంపురపు పట్టుచీరలో ఒడలు ఒక వన్నె, అంచు వేఱొక వన్నె. ఆ రెండు కలియుచోట కుంభముల వరుస కోటకొమ్ములవలె నిలిచి వానిని కలుపును. ఫొడా కుంభ మను పేరుగల ఈ నేతకు 2012లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఇంటి గదిని గూడ చీరవలెనే చూడుడు. గోడ ఒడలు: విశాలము గనుక లేతగ నుండవలెను. తలుపులు, కిటికీ చట్రములు, గోడ క్రింది పట్టీ అంచు: ఒడలికంటె స్పష్టముగ ముదురు. పరదా, దిండుగలీబు, పటము కొంగు: కొంచెమే యైనను నిండైన వన్నె. మూడును నిండువన్నెలైనచో పోట్లాట. మూడును లేతవన్నెలైనచో మా నాయనమ్మగారికి కలిగిన ప్రమాదము.

కొన్ని జోడులు చెప్పుదము. మన పాత ఇండ్లలో నేల ఎఱ్ఱగచ్చు. దానిపై ఎండ పడినపుడు ఎఱ్ఱని కాంతి గోడల క్రిందిభాగమునకు ఎగయును. అట్టి గదిలో ఎఱుపుచాయ గల గోడవన్నె వేసినచో గులాబిరంగుగా మాఱును. కావున పసుపువైపునకు ఒరిగిన దంతపువన్నె మేలు. నల్లఱాతి పలకల నేల చల్లనిది; దానికి గంధపువన్నె పొసగును. తెల్లని పలకల నేలకు ఇసుకవన్నె గోడయు, టేకుకఱ్ఱ వన్నె తలుపును కుదురును. పైకప్పు ఎప్పుడును తెలుపుగానే యుండనిండు. వెలుగు క్రిందికి దిగును. ఇత్తడి పాత్రల అలమరకు వెనుక మిక్కిలి లేతవన్నె యుంచినచో ఇత్తడియే నిండువన్నెగా పనిచేయును.

గడప విషయము వేఱుగా చెప్పవలెను. వయస్సు మీఱినకొలది కంటిలోని కటకము పచ్చబడి, లేతవన్నెల నడుమ భేదము తెలియుట కష్టమగును. గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుట శుభమని మన తల్లులు చేయుదురు. ఆ పసుపు ఎఱుపులవలన ముసలివారి కంటికి గడప స్పష్టముగ తెలియుట మఱియొక మేలు. పూజ చేయని ఇండ్లలోనైనను గడపకు, మెట్ల అంచులకు నేలకంటె వేఱైన వన్నె వేయుట దయగల పని.

వేయుటకు ముందు

ఒకటి: అంగడి పట్టీని నమ్మి నిర్ణయింపకుడు. రెండడుగుల చదరపు అట్టమీద రెండు పూతలు వేసి, ఆఱిన తరువాత గోడకానించి, ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, దీపము వేసిన పిదప చూడుడు. ప్రక్కన శుద్ధమైన తెల్లకాగితము పట్టుడు. అప్పుడు ఆ వన్నె పసుపువైపునకు ఒరిగినదో, ఎఱుపువైపునకో, పసరువైపునకో బయటపడును.

రెండు: నాలుగు గోడలు ఒకదాని వన్నె నొకటి ప్రతిఫలించుటచే గది నిండినపుడు అట్టమీదికంటె ముదురుగా కనబడును. కావున అట్టపై నచ్చిన దానికంటె ఒక మెట్టు లేతది కొనుడు. సున్నపు వెల్ల తడిగా నున్నపుడు ముదురుగా నుండి, ఆఱిన పిమ్మట చాల లేతబడునని గూడ మఱువకుడు. డబ్బాలోని ఎమల్షన్ రంగు తఱచు ఆఱినపుడు కొంచెము ముదురును.

మూడు: గోడ తడి తెలిసికొనుడు. గంజాం తీరమున గాలిలో ఉప్పును తేమయు మెండు. గోపాలపురము దగ్గరి ఇండ్లలో ఇది అందఱెఱిగినదే. తడిగోడపై నూనెరంగు వేసినచో లోపలి నీరు బయటికి రాలేక బొబ్బలెత్తి, పొరలుగా ఊడును. సున్నపు పూత గోడను ఊపిరి పీల్చుకొననిచ్చును. వానకాలము వెళ్ళి, గోడలు బాగుగ ఆఱిన తరువాతనే పని మొదలిడుట మంచిది. క్రొత్తగా పూత పూసిన సిమెంటు గోడ గూడ పూర్తిగ ఆఱినదాక ఆగవలెను.

నాలుగు: లెక్క చూచి కొనుడు. గది పొడవు 12 అడుగులు, వెడల్పు 10 అడుగులు, ఎత్తు 10 అడుగులు అనుకొందము. చుట్టుకొలత 44 అడుగులు. నాలుగు గోడల వైశాల్యము 440 చదరపు అడుగులు. ద్వారము 7 అడుగులు, మూడున్నర అడుగులు. దాని వైశాల్యము 24.5. రెండు కిటికీలు ఒక్కొక్కటి 4 అడుగులు, 3 అడుగులు, రెండింటికి 24. తీసివేయగా 391.5 చదరపు అడుగులు మిగులును. లీటరు రంగు రెండు పూతలకు 120 చదరపు అడుగులు వచ్చునని డబ్బాపై నున్నచో, 391.5ను 120చే భాగింపగా సుమారు 3.3 లీటర్లు. 4 లీటర్ల డబ్బా చాలును. రెండు మాఱులుగా కొన్న రంగు ఒకే వన్నెగా రాకపోవచ్చును. కావున ఒక గదికి కావలసినది ఒక్కమాఱే కొని, ఒకే బకెట్టులో కలిపించుడు. మిగిలిన దానిని సీసాలో పోసి, వన్నె పేరు, తేదీ వ్రాసి దాచుడు. మరకలు పడినపుడు పనికివచ్చును.

ముగింపు

మా ముందుగది కథ ఏమైనదని మీరడుగవచ్చును. పెండ్లి గడచిన తరువాత ఆ మేస్త్రినే మరల పిలిచితిమి. ఈమాఱు ఆయన అట్టలపై మూడు వన్నెలు పూసి రెండు దినములు గోడకు చేర్చి యుంచెను. ఎదుటి గోడ పచ్చదనమునకు విఱుగుడుగా ఎఱుపువైపునకు లేశము ఒరిగిన గంధపువన్నెను ఎంచితిమి. తలుపులకు టేకువన్నె వచ్చినది. గడపకు మా నాయనమ్మగారే పసుపు పూసి, ఏడు బొట్లు పెట్టిరి. పొరుగు ఒడియా తల్లి తన వాకిట బియ్యపుపిండితో ఝొటి వేయుచు అది చూచి నవ్వెను. రెండుమాఱుల ఖర్చు మాకు భారమే యైనది. ఆ భారము మీకు కలుగరాదనియే ఇదంతయు వ్రాసితిమి.

అభ్యాసము

1. మీ ఇంటిలో పగలు దీపము వేయక చదువ వీలులేని గది యేది? ఆ గదిలోనికి వెలుగు ఎన్ని గోడలకు తగిలి వచ్చుచున్నదో పటము గీసి చూపుము.

2. ఒక గోడ నూటికి 60 పాళ్ళు వెలుగు తిప్పి పంపును. మూడుమాఱులు తగిలిన పిదప ఎంత మిగులును?

3. లేత మీగడవన్నె కాగితపు ముక్కలు రెండు సమానముగా కత్తిరించి, ఒకదానిని ఎఱ్ఱగుడ్డపై, రెండవదానిని ఆకుపచ్చగుడ్డపై ఉంచి చూడుము. కనబడిన భేదమును వ్రాయుము.

4. మీ అవ్వనో తాతనో అడిగి, మట్టివన్నెలకు తెలుగు పేర్లు పది సేకరింపుము. పొరుగున ఒడియా మాటలాడు పెద్దలనడిగి వాని ఒడియా పేర్లను ఎదురుగా వ్రాయుము.

5. ఈ సాయంకాలము దీపము తగ్గించి, మీ ఇంటి గడపలను, మెట్లను ముసలివారి కంటితో చూడుము. ఏది కనబడలేదో మీ తండ్రిగారికి చెప్పుము.